దాచిన పెళ్ళి: యానాం నుంచి రంగం దాకా



చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు యానాంని ఒకప్పుడు కల్యాణపురం అనేవారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరు చెబితే వెనకాల ఏదో స్థలపురాణం ఉందనుకుంటారు. స్థలపురాణం కాదు, ఒక చట్టం ఉంది. 1929 సెప్టెంబరులో బ్రిటిష్ ఇండియా శాసనసభ బాల్యవివాహాల నిరోధక చట్టం చేసింది. దాన్ని తెచ్చిన హరబిలాస్ శారదా పేరు మీద జనం శారదా చట్టం అన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకు, 18 నిండని మగపిల్లవాడికి పెళ్ళి చేస్తే చేయించిన పెద్దలకు నెల రోజుల దాకా ఖైదు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

యానాం మొత్తం కలిపితే సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ బ్రిటిషు వారి గోదావరి జిల్లా, మధ్యలో ఫ్రెంచి జెండా. శారదా చట్టం ఆ జెండా కింద చెల్లదు. ఇంకేముంది, గోదావరి జిల్లాల నుంచి పెళ్ళివారు యానాం దారి పట్టారు. ఏరు దాటితే చట్టం లేదు, ముహూర్తం ఉంది. అలా వచ్చిన పేరే కల్యాణపురం.

ఈ సంగతి మన సభల్లో నవ్వుతూ చెప్పుకుంటాం. నేను అనేకసార్లు విన్నాను, మీరూ వినే ఉంటారు. ఇంగ్లీషువాడి చట్టాన్ని ఫ్రెంచివాడి నీడలో తప్పించుకున్న తెలివితేటల కథగా చెబుతారు. కానీ ఆ పెళ్ళిళ్ళు అయ్యాక ఏం జరిగిందన్న దాకా ఎవరూ వెళ్ళరు. నేను ఈ రోజు రాస్తున్నది దాని గురించే. పెళ్ళయిన కొత్తలో, కట్టుకున్నవాడికి అంతకుముందే ఒక పెళ్ళి అయిందని తెలుసుకున్న ఆడపిల్లల గురించి. మన ఇళ్ళల్లో ఇలాంటి మాటలు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ముందు ఒక చిన్న న్యాయపు మెలిక చెప్పాలి. మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. శారదా చట్టం బాల్యవివాహం చేసినవాళ్ళను శిక్షించింది గానీ, ఆ పెళ్ళి చెల్లదని ఎక్కడా అనలేదు. తాళి పడితే పెళ్ళి పెళ్ళే. బ్రిటిషు హద్దులో చేసినా అంతే, యానాంలో చేసినా అంతే. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఏడేళ్ళ పిల్లతో పెళ్ళి చేస్తే, వాడికి ఆ క్షణం నుంచి జీవితాంతం ఒక భార్య ఉన్నట్టే.

పెళ్ళి అయిన రోజునే కాపురం మొదలు కాదు కదా. పిల్ల పుట్టింట్లోనే ఉంటుంది. ఈడేరాక, మంచి రోజు చూసి కాపురానికి పంపాలి. ఈ మధ్యలో ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు గడుస్తాయి. అన్నేళ్ళలో ఎన్ని జరగవు? కట్నం దగ్గర మాట తేడా వస్తుంది. ఒక కుటుంబం అప్పుల్లో మునుగుతుంది. పిల్లవాడు రాజమండ్రిలోనో మద్రాసులోనో చదువుకుని "నేను ఆ పల్లెటూరి పిల్లను తెచ్చుకోను" అంటాడు. లేదా కూలికి రంగం వెళ్ళిపోతాడు. మగపిల్లవాడి తరఫువాళ్ళకు ఆ పాత పెళ్ళి చిన్నప్పటి బొమ్మల పెళ్ళిలా కనిపిస్తుంది. "కాపురమే చెయ్యలేదు, అదీ ఒక పెళ్ళేనా" అంటారు. కొత్త సంబంధం చూస్తారు. కొత్తవాళ్ళకు పాత మాట చెప్పరు. పెళ్ళి అయింది పరాయి పాలనలోని ఊళ్ళో. ఆ పందిట్లో కూర్చున్నది పది మంది. చెప్పకపోతే తెలిసే దారి ఏది?

ఆడదాని పెళ్ళి ఆమె ఒంటి మీదే ఉంటుంది. మెడలో తాళి, కాలికి మెట్టెలు. భర్త పోతే ఆ సంగతీ ఒంటి మీదే తెలిసేది. ఏడేళ్ళ పిల్ల వితంతువైతే ఊరంతటికీ తెలుసు, ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా తెలుసు. మగవాడి పెళ్ళికి అతని ఒంటి మీద ఒక్క గుర్తు లేదు. పొరుగూరు వెళ్ళి నిలబడితే బ్రహ్మచారి అంటే బ్రహ్మచారే. గతం దాచుకునే వీలు మన సమాజంలో అందరికీ సమానంగా లేదు. ఆ వీలును మగవాళ్ళే వాడుకున్నారు.

చట్టం కూడా అలాగే ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలో 494వ సెక్షన్ ప్రకారం, భార్య గానీ భర్త గానీ బతికుండగా మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, ఆ రెండో పెళ్ళి చెల్లనిదైతే నేరం. హిందూ స్త్రీ భర్త ఉండగా చేసుకునే రెండో పెళ్ళి చెల్లదు కాబట్టి ఆమె నేరస్తురాలు. హిందూ పురుషుడు ఎన్ని చేసుకున్నా చెల్లుతుంది కాబట్టి అతను నేరస్తుడు కాడు. 495వ సెక్షన్ ఇంకా గట్టిది. పాత పెళ్ళి దాచిపెట్టి కొత్తది చేసుకుంటే పదేళ్ళ దాకా శిక్ష. కానీ అది కూడా 494 వర్తించినప్పుడే వర్తిస్తుంది. అంటే, ఆ రోజుల్లో కొత్త పెళ్ళికూతురు "నన్ను మోసం చేశారు" అని కోర్టుకెక్కితే, "నువ్వు అతని భార్యవే, ఆవిడా అతని భార్యే, మోసం ఎక్కడుంది" అన్నట్టుగా ఉండేది చట్టం.

ఇక రంగం సంగతి. యానాంకు దగ్గరలోనే కోరంగి. ఒకప్పుడు పేరు మోసిన రేవు. ఆ రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళందరికీ కొరంగీలు అని పేరు పడింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలకు వేలు కాకినాడ, విశాఖ వంటి రేవుల్లో ఓడలెక్కి వెళ్ళారు. రంగూన్ ఓడరేవు కూలీల్లో, బియ్యం మిల్లుల్లో, రిక్షాలు లాగేవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి పైగా మనదేశం వాళ్ళే. వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు బహు తక్కువ. భార్యను ఊళ్ళో వదిలి మగవాళ్ళు ఒంటరిగా వెళ్ళేవారు.

అక్కడ కొందరు బర్మా స్త్రీలను పెళ్ళి చేసుకున్నారు. ఇందులో మనం ఎప్పుడూ మన వైపు నుంచే ఆలోచిస్తాం. "ఊళ్ళో పెళ్ళాం ఎదురుచూస్తుంటే రంగంలో ఇంకో సంసారం పెట్టాడు" అని. ఒక్కసారి ఆ బర్మా అమ్మాయి వైపు నుంచి చూడండి. బర్మా బౌద్ధుల ఆచారంలో పెళ్ళికి పెద్ద తంతు అక్కర్లేదు. ఇద్దరూ ఇష్టపడి భార్యాభర్తలుగా కాపురం ఉంటే పెళ్ళే. భర్త సంపాదించిన దాంట్లో ఆమెకు వాటా ఉంది. ఆమె ఆ నమ్మకంతోనే మనవాణ్ణి చేసుకుంది. తర్వాత తెలిసేది రెండు సంగతులు. ఒకటి, అతనికి ఊళ్ళో భార్య ఉంది. రెండోది ఇంకా ఘోరం. హిందూ ధర్మశాస్త్రం లెక్కలో ఆమె భార్యే కాదు. హిందువు కాని స్త్రీతో పెళ్ళిని ఆ శాస్త్రం ఒప్పుకోదు. అతను పోతే ఆస్తి మొత్తం ఊళ్ళో ఉన్నవాళ్ళది. ఆమెకూ ఆమె పిల్లలకూ హక్కు లేదు.

ఇది ఇళ్ళలోనే ఆగిపోలేదు, రాజకీయమై కూర్చుంది. 1930 మేలో రంగూన్ రేవులో పని దగ్గర మొదలైన గొడవ తెలుగు కూలీల మీద మారణకాండ అయింది. 1938 అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం పరదేశీయులతో బర్మా స్త్రీల పెళ్ళిళ్ళను కూడా ఒక కారణంగా చర్చించింది. 1939లో బర్మా ప్రభుత్వం బౌద్ధ స్త్రీల ప్రత్యేక వివాహ, వారసత్వ చట్టం చేసింది. బౌద్ధ స్త్రీని బౌద్ధేతరుడు చేసుకుంటే ఆ పెళ్ళి నమోదు కావడానికి, ఆమెకు బౌద్ధ ధర్మం ప్రకారం హక్కులు దక్కడానికి ఏర్పాటు అది. మనవాళ్ళ మీద జరిగిన హింసను ఏ చట్టమూ ఏ కారణమూ సమర్థించలేదు. అయినా ఆ చట్టం అవసరం ఎందుకొచ్చిందో మనం తెలుసుకోవాలి. దాచి పెళ్ళి చేసుకున్నవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

తర్వాత 1942. జపాను సైన్యం వచ్చి పడింది. లక్షల మంది అడవుల గుండా కాలినడకన, దొరికిన ఓడల్లో బయటపడ్డారు. దారిలో ఎందరో పోయారు. ఎవరు బతికారో ఎవరు పోయారో ఊళ్ళకు కబురు లేదు. అక్కడ భార్యలు మిగిలారు, ఇక్కడ భార్యలు మిగిలారు. ఇలాంటి స్థితికి చట్టంలో ఒక దారి ఉంది. 494వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు. భర్త గానీ భార్య గానీ ఏడేళ్ళపాటు కనపడకుండా, బతికున్నట్టు కూడా కబురు లేకుండా పోతే, మిగిలినవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం నేరం కాదు. కానీ ఒక షరతు పెట్టారు. కొత్తగా చేసుకోబోయే మనిషికి, పెళ్ళికి ముందే, తనకు తెలిసినంతవరకు నిజం చెప్పాలి. 1860లో, అదీ పరాయి పాలకులు రాసిన చట్టం. ఏడేళ్ళ ఎదురుచూపును అది అర్థం చేసుకుంది. ఒంటరితనాన్నీ అర్థం చేసుకుంది. మాట దాచడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. మనం ఆలోచించుకోవలసిన మాట ఇది.

స్వాతంత్ర్యం ముందూ వెనకా చట్టాలు ఒక్కొక్కటిగా మారాయి. 1946లో ఒక కేంద్ర చట్టం, భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భార్య వేరుగా ఉండి భరణం అడగవచ్చని చెప్పింది. అదే సంవత్సరం బొంబాయి రాష్ట్రం హిందువులకు రెండో పెళ్ళిని నిషేధించింది. దాన్ని కోర్టులో సవాలు చేస్తే 1951లో బొంబాయి హైకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మద్రాసు రాష్ట్రం 1949లో అలాంటి చట్టమే తెచ్చింది. అప్పుడు కోస్తా, రాయలసీమ తెలుగువాళ్ళంతా దాని కిందకు వచ్చారు. 1955 మే 18న హిందూ వివాహ చట్టం వచ్చాక దేశంలో హిందువులందరికీ ఒకే నియమం వచ్చింది. పెళ్ళినాటికి ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. ఉంటే ఆ పెళ్ళి మొదటి నుంచీ చెల్లదు.

యానాంకు ఈ చట్టం వెంటనే రాలేదు. 1954లో ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించారు. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న. హిందూ వివాహ చట్టం పుదుచ్చేరికి, దానితో పాటు యానాంకు, 1963 అక్టోబరు 1 నుంచి వర్తించింది. అప్పుడు కూడా రెనోన్సాలను, అంటే 1881 నాటి ఫ్రెంచి డిక్రీ కింద సొంత ఆచార ధర్మం వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకు వెళ్ళిన కుటుంబాలను, దాని నుంచి మినహాయించారు. ఈ రోజుకీ అంతే.

ఫ్రెంచివాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసిన ఒక పద్ధతి ఉంది. ఫ్రాన్సులో 1897 ఆగస్టు 17న ఒక చట్టం చేశారు. మనిషికి పెళ్ళి అయితే, ఆ సంగతి అతను పుట్టిన ఊళ్ళో ఉన్న జనన రికార్డు అంచున రాయాలి. పెళ్ళి దేశంలో ఏ మూల జరిగినా సరే, కబురు పుట్టిన ఊరి రిజిస్టరుకు చేరాలి. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే తాజా జనన పత్రం తెచ్చి చూపించాలి. అంచున పాత పెళ్ళి రాసి ఉంటే దాచడం కుదరదు. దొంగ పెళ్ళిళ్ళను ఆపడానికే ఈ ఏర్పాటు. విడాకులు తీసుకున్నా అదీ అంచునే రాస్తారు. ఆడైనా మగైనా ఒకటే పద్ధతి. పెళ్ళి గుర్తు మనిషి ఒంటి మీద కాదు, కాగితం మీద ఉంటుంది. చుట్టంలాగా అడ్డుపడి మాట్లాడే పని ఆ కాగితం చేస్తుంది.

మనకు ఆ పని ఒకప్పుడు ఊరు చేసేది. "అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలి" అనేవారు. ఏడు తరాల మాట అటుంచండి, ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లవాడికి పదేళ్ళప్పుడు పెళ్ళి అయిందన్న సంగతి చాకలికి తెలుసు, మంగలికి తెలుసు, పురోహితుడికి తెలుసు. ఊరు దాటాక ఎవరికి తెలుసు? మన సంఘాలన్నీ ఊరు దాటినవాళ్ళవే. బొంబాయి కామాటిపుర అన్న పేరే మన కామాటీల వల్ల వచ్చింది. షోలాపూర్, భివండీ మగ్గాల మీద మనవాళ్ళు తరాలుగా ఉన్నారు. ఖరగ్‌పూర్, బరంపురం, బళ్ళారి, హోసూరు, మద్రాసు, ప్రతి చోటా ఇదే. సంబంధం ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో, పుట్టిన ఊరు మరో రాష్ట్రంలో. ఊరి జ్ఞాపకం పని చెయ్యని చోట కాగితం పని చెయ్యాలి. కాగితమూ లేకపోతే యానాం కథే మళ్ళీ.

చట్టం మారింది కదా, ఇంకా ఎక్కడిది ఈ బాధ అంటారేమో. మహారాష్ట్రలో జరిగిన ఒక కేసు చెబుతాను. సుప్రీంకోర్టు తీర్పులో ఉన్న సంగతులే, పేర్లు మనకు అక్కర్లేదు. ఒకామెకు 1997లో మొదటి భర్తతో విడాకులయ్యాయి. 2005 దాకా పుట్టింట్లో ఉంది. మధ్యవర్తుల ద్వారా ఒకతను అడిగించాడు. 2005 ఫిబ్రవరి 10న గుడిలో పెళ్ళి చేసుకున్నారు. మూడు నెలలు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు ఇంకొక స్త్రీ ఇంటికి వచ్చి, "నేను అతని భార్యను" అంది. అతణ్ణి అడిగితే, ఉండదలిస్తే నోరు మూసుకుని ఉండు, లేదంటే పుట్టింటికి పో అన్నాడు. అప్పటికే ఆమె గర్భవతి. వేధింపులు పడలేక పుట్టింటికి వెళ్ళింది. అదే సంవత్సరం నవంబరులో ఆడపిల్ల పుట్టింది.

ఆమె భరణం అడిగింది. కింది కోర్టు నెలకు ఆమెకు 1000, పిల్లకు 500 రూపాయలు ఇమ్మంది. ఆ పదిహేను వందలు ఎగ్గొట్టడానికి అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అతని వాదన ఏమిటో తెలుసా? "నాకు అప్పటికే పెళ్ళయింది. కాబట్టి ఈమెతో నా పెళ్ళి చెల్లదు. కాబట్టి ఈమె నా భార్య కాదు." పెళ్ళప్పుడు దాచిన మాటనే భరణం దగ్గర కవచంగా పట్టుకున్నాడు. అతని వెనక ఒక పాత తీర్పు కూడా ఉంది. 1988లో ఇలాంటి మహారాష్ట్ర కేసులోనే, చెల్లని పెళ్ళి చేసుకున్న స్త్రీ భరణానికి భార్య కాదని సుప్రీంకోర్టు అంది.

2013 అక్టోబరులో జస్టిస్ రంజనా దేశాయి, జస్టిస్ ఎ.కె. సిక్రీ అతని వాదన ఒప్పుకోలేదు. తాను చేసిన తప్పు వల్ల తానే లాభపడటం కుదరదన్నారు. మొదటి పెళ్ళి సంగతి తెలిసి చేసుకున్న స్త్రీకే ఆ పాత తీర్పు వర్తిస్తుందని, మోసపోయిన స్త్రీని భరణం వరకు భార్యగానే చూడాలని చెప్పారు. ఎనిమిదేళ్ళు పట్టింది. అయినా ఆ తీర్పు మోసపోయిన ఎందరికో ఆసరా అయింది.

ఆ కేసులో ఇంకో సంగతి గమనించండి. ఆమెకూ గతం ఉంది. విడాకులు తీసుకున్న మనిషి. కానీ ఆ గతం చట్టప్రకారం ముగిసింది, కోర్టులో చెప్పుకోవడానికి ఆమెకు ఇబ్బంది లేకపోయింది. అతని గతం ముగియలేదు, దాన్ని అతను చెప్పలేదు. సంబంధాలు చూసేటప్పుడు మనం ఎవర్ని అనుమానంగా చూస్తాం? విడాకులైన ఆమెనే. మనం భయపడాల్సింది గతం ఉన్నవాళ్ళకు కాదు, దాన్ని దాచేవాళ్ళకు.

అన్ని కేసులూ ఇలా ముగియవు. రెండో పెళ్ళి నేరమని నిరూపించాలంటే, ఆ రెండో పెళ్ళి శాస్త్రప్రకారం, ఆచారప్రకారం పూర్తిగా జరిగిందని సాక్ష్యం కావాలని 1965లోనే సుప్రీంకోర్టు ఒక మహారాష్ట్ర కేసులో తేల్చింది. తంతు నిరూపించలేకపోయినందుకు అందులో శిక్ష కొట్టేశారు. అంటే దండలు మార్చుకుని, ఫొటో దిగి, భోజనాలు పెట్టినా చాలకపోవచ్చు. అందుకే, రిజిస్టరు చెయ్యకుండా ఎక్కడో గుడిలో హడావుడిగా ముగిద్దామని ఎవరైనా తొందరపెడితే ఆగి ఆలోచించాలి. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాల్లోనూ పెళ్ళి నమోదు తప్పనిసరి చెయ్యమంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో, తమిళనాడులో 2009లో తప్పనిసరి నమోదు చట్టాలు వచ్చాయి. కర్ణాటక చట్టం 1976 నాటిది, మహారాష్ట్రది 1998 నాటిది. చట్టాలు ఉన్నాయి. మనమే ఆఫీసు మెట్లు ఎక్కం.

కొత్తగా పెళ్ళయి ఇలాంటి నిజం ఎదురైన పిల్ల గానీ పిల్లవాడు గానీ మన దగ్గరకు వస్తే, పెద్దలుగా మనం తెలుసుకుని ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. అవతలి మనిషికి విడాకులు కాని పెళ్ళి ఉంటే, ఈ పెళ్ళి హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్ కింద చెల్లదు. కోర్టు ద్వారా ఆ మాట చెప్పించుకోవచ్చు. పాత పెళ్ళి ముగిసిపోయి, దాన్ని దాచి పెళ్ళి చేసుకుని ఉంటే, ముఖ్యమైన సంగతి దాచి ఒప్పించారని 12వ సెక్షన్ కింద రద్దు అడగవచ్చు. దీనికి మాత్రం గడువుంది. మోసం తెలిసిన రోజు నుంచి ఏడాది లోపల వెళ్ళాలి. నిజం తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం కొనసాగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మన పెద్దమనుషుల పంచాయితీలు "కాస్త ఓపిక పట్టమ్మా, సర్దుకుంటుంది" అని ఏడాది గడిపేస్తాయి. మనం సర్దిచెబుతున్నామని అనుకుంటాం. నిజానికి ఆ పిల్ల హక్కును కాలం చెల్లబెడుతున్నాం.

శిక్ష సంగతి: పాత 494, 495 సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్‌లోకి వచ్చాయి. దాచి చేసుకుంటే పదేళ్ళ దాకా శిక్ష అలాగే ఉంది. ఇప్పుడు మగవాడికీ ఆడదానికీ ఒకటే. పిల్లల సంగతి: పెళ్ళి చెల్లకపోయినా పిల్లలు సక్రమ సంతానమే. 16వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రికో తల్లికో రాగల వాటాలో ఆ పిల్లలకూ భాగం ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కర్ణాటక నుంచి వెళ్ళిన కేసులోనే ఈ తీర్పు వచ్చింది. రంగంలో మనవాళ్ళు వదిలొచ్చిన పిల్లలకు దక్కనిది ఈ కాలపు పిల్లలకు దక్కింది.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే, మన సంఘం వధూవరుల పరిచయ ఫారంలో "ఇంతకు ముందు వివాహం జరిగిందా" అన్న గడి తీసెయ్యాలని కొందరు సభ్యులు అడుగుతున్నారు. వారి మాటలో న్యాయం ఉంది. ఆ గడి చూడగానే విడాకులైన ఆడపిల్ల ఫారం పక్కన పడేస్తున్నారు, ఆమె అవమానపడుతోంది, అందుకని వద్దంటున్నారు. అది నిజమే. కానీ గడి తీసేస్తే ఆమెకు మేలు జరగదు. దాచదలచుకున్నవాడి పని తేలికవుతుంది, అంతే. గడి ఉంచుదాం. "అవును" అని నిజం రాసినవాళ్ళ ఫారాన్ని పక్కన పడేసే మన అలవాటును తీసేద్దాం. నిజం రాస్తే తలుపు మూసేది మనమే అయితే, రేపు ఎవరైనా అబద్ధం రాస్తే అందులో మన పాలూ ఉంటుంది.

నా సూచనలు నాలుగు. ఆ గడి ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకే మాటల్లో ఉండాలి. చిన్నప్పుడు చేసిన పెళ్ళి, కాపురం దాకా రాని పెళ్ళి, గుడిలో చేసుకున్న పెళ్ళి, విదేశంలో చేసుకున్నది, అన్నీ అందులో పెళ్ళే అని ఫారం మీదే రాయాలి. విడాకులైతే కోర్టు తీర్పు నకలు ఇరువైపుల పెద్దలూ చూడాలి. మాట మీద విడాకులు, పెద్దమనుషుల కాగితం మీద విడాకులు చాలవు. అప్పీలు గడువు తీరిందో లేదో కూడా చూసుకోవాలి. సంఘం ద్వారా కుదిరిన ప్రతి పెళ్ళీ రిజిస్టరు అయ్యేలా, ఆ రాష్ట్రంలో ఏ ఆఫీసుకు వెళ్ళాలో ఏ కాగితాలు కావాలో తెలిసిన ఒక సభ్యుణ్ణి ప్రతి శాఖలో పెట్టాలి. చివరిది, ఊరు తెలియని సంబంధం వస్తే ఆ ఊళ్ళోని మన శాఖవాళ్ళు వెళ్ళి విచారించి రావాలి. ఖరగ్‌పూర్ అబ్బాయి గురించి హోసూరువాళ్ళకు తెలియదు. ఖరగ్‌పూర్ శాఖకు తెలుస్తుంది. సంఘం ఉన్నది అందుకే కదా.

"వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యాలి" అని మన సామెత. మెల్లకన్ను కనపడకుండా పక్కకు తిరిగి కూర్చోమనడం, వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పడం, ఉన్న ఎకరాన్ని మూడు చెయ్యడం, ఇలాంటివి కలిపితే ఆ వెయ్యీ అవుతాయి. పెళ్ళయ్యాక నవ్వుకుని మరిచిపోయేవి అవి. ఇంకో భార్య ఉందన్నది ఆ వెయ్యిలో ఒకటి కాదు. అది దాచినప్పుడు ఒకరు కాదు, ఇద్దరు ఆడవాళ్ళు మోసపోతారు. తలుపు తట్టినామె, తలుపు తీసినామె. ఒకరినొకరు సవతి అని తిట్టుకుంటారు గానీ ఇద్దరినీ మోసం చేసింది ఒకడే.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఫారం సంగతి చర్చకు వస్తుంది. వచ్చే ముందు ఇంట్లో ఆడవాళ్ళను కూడా ఒక మాట అడిగి రండి. వాళ్ళు ఏమన్నారో అది సమావేశంలో చెప్పండి.